జ్వరం కార్డు నుంచి చేతి అద్దం దాకా: శ్రీకాకుళం కీమో వార్డు ప్రాజెక్టు డైరీ

నేను మెడికల్ ఆంకాలజిస్టుని, అంటే క్యాన్సర్‌కి మందులతో వైద్యం చేసే డాక్టర్ని. శ్రీకాకుళంలో ఒక కీమో (క్యాన్సర్ మందు) డే కేర్ వార్డు చూస్తాను. మందు ఎక్కించి ఇంటికి పంపాక రోగికీ ఇంట్లోవాళ్ళకీ ఏం తెలిసి ఉండాలి, ఆ తెలిసింది అవసరమైన రాత్రి పనికొస్తోందా అన్నదే ఈ డైరీలోని పని. టెక్కలిలోనో, రాజాంలోనో, పార్వతీపురంలోనో ఇలాంటిది మొదలుపెట్టాలనుకునే డాక్టర్లు, నర్సులు దీన్ని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. పనిచేయని వాటి గురించే ఎక్కువ రాశాను. డబ్బూ టైమూ పోయేది అక్కడే.

జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్ళలో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు వస్తాయని, మొదటి ఏడాదే 200 పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. మంచాలు, మందులు వాటితో పాటు వస్తాయి. రోగికి చెప్పాల్సిన మాటలు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే తయారుచేసుకోవాలి, అక్కడి మనుషులతోనే పరీక్షించుకోవాలి.

దశ 1: జ్వరం కార్డు

అన్నిటికంటే ముందు జ్వరం ఎందుకంటే, ప్రాణం పోయేది దీనితోనే. కీమో ఎక్కించాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు వచ్చే జ్వరాన్ని మామూలు జ్వరంలా చూడకూడదు. కొన్ని గంటల్లోనే బీపీ పడిపోయి మనిషి చేయి దాటిపోవచ్చు. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటిబయాటిక్ పడాలి.

ఆలస్యంగా వచ్చినవాళ్ళని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే. సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేశాడు, చెమట పట్టి తగ్గింది, తెల్లారేసరికి మంచం మీంచి లేవలేకపోయారు. పారాసిటమాల్ ఒంటి వేడిని దించుతుంది, లోపలి ఇన్ఫెక్షన్ దాని దారిన అది పెరుగుతూనే ఉంటుంది.

మొదటి రకం: ఏ4 కాగితం, రెండువైపులా అచ్చు, 14 జాగ్రత్తలు. వేయించింది 500.

పరీక్ష ఇలా పెట్టాం. కాగితం ఇచ్చి, తర్వాతిసారి వచ్చినప్పుడు సిస్టర్ మూడు ప్రశ్నలు అడుగుతుంది.

1. కాగితం ఇప్పుడు ఎక్కడుంది?
2. జ్వరం ఎంత ఉంటే ఫోన్ చేస్తారు?
3. ఎవరికి చేస్తారు?

మొదట అడిగిన 20 మందిలో 17 మంది కాగితం స్కాన్ కవర్లోనే ఉంది. ఆ కవరు బీరువాలోనో, ట్రంకు పెట్టెలోనో ఉంటుంది. రెండో ప్రశ్నకి సరిగ్గా చెప్పింది నలుగురు. రాత్రిపూట మనిషి వణుకుతుంటే పెట్టె తీసి 14 పాయింట్లు చదివే పరిస్థితి ఏ ఇంట్లోనూ ఉండదు.

రెండో రకం: పోస్టుకార్డు సైజు, మందపాటి అట్ట, ఎర్ర అంచు, పై మూల కన్నం, కన్నానికి దారం. మూడే మూడు వాక్యాలు, దూరం నుంచి కనబడే అక్షరాలు. "ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు జాగ్రత్త" అన్న చోట సిస్టర్ చేత్తో తేదీలు రాస్తుంది. "క్యాలెండర్ మేకుకే కట్టండి" అని చెప్పి, ఎక్కడ కడతారో వాళ్ళ చేతే చెప్పిస్తాం.

మొదటి ప్రశ్న ఇక్కడితో తీరింది. చాలా ఇళ్ళలో కార్డు గోడెక్కింది. రెండో ప్రశ్న ఇంకా తేలలేదు. కార్డు మీద 100.4 అని ఉంది. అడిగితే "నూట నాలుగమ్మా" అని ఒకరి తర్వాత ఒకరు. చుక్క కంటికి ఆనడం లేదు. చూపు తగ్గినవాళ్ళకైతే అసలు కనబడదు. నూట నాలుగు దాకా ఆగితే ఈ కార్డు వల్ల ప్రమాదం పెరుగుతుందే గానీ తగ్గదు. ఆ కట్ట మొత్తం వెనక్కి తీసుకున్నాం.

మూడో రకంలో చుక్క తీసేసి 100 అని రాశాం. ఇంకో కారణం కూడా ఉంది. మా వాళ్ళు ఎక్కువగా చంకలో పెట్టి చూస్తారు, నోరు పూసినవాళ్ళకి మేమే చంకలో పెట్టమంటాం. చంకలో చూస్తే నోటి కంటే తక్కువ చూపిస్తుంది. కాబట్టి 100 దగ్గరే ఫోన్ చేయమనడం మంచిది. అవసరం లేని ఫోన్లు కొన్ని పెరుగుతాయి, పెరగనివ్వండి.

ఇప్పుడున్న కార్డు ముందువైపు ఇంతే:

1. ముందు థర్మామీటర్, తర్వాతే బిళ్ళ.
2. 100 వస్తే ఎంత రాత్రయినా ఈ నంబరుకి ఫోన్.
3. చలి, వణుకు వస్తే జ్వరం లేకపోయినా ఫోన్.

వెనకవైపు డ్యూటీ డాక్టరుకి: ఏ కీమో, ఏ తేదీన ఎక్కింది, తెల్లకణాలు తగ్గి ఉండొచ్చు, రక్తం తీసి సీబీసీకి (రక్తకణాల లెక్క), కల్చర్‌కి (క్రిమి పరీక్ష) పంపండి, రిపోర్టు కోసం ఆగకుండా మొదటి డోసు యాంటిబయాటిక్ వేయండి. దాని కింద "కిడ్నీ జబ్బు: ఉంది / లేదు" అని ఒక గడి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఈ గడి చాలా ముఖ్యం. ఈ ఊళ్ళున్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో ఈ జిల్లాలో పనిచేసేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందు కిడ్నీ మీద భారం వేస్తుంది. దానికి తోడు జ్వరానికనో ఒళ్ళు నొప్పులకనో డైక్లోఫెనాక్ అనే నొప్పి ఇంజెక్షన్ పడితే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) ఎక్కడికో వెళ్ళిపోతుంది. అందుకే ఆ గడి పక్కన "నొప్పి ఇంజెక్షన్లు వద్దు" అని కూడా వేయించాం.

డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎక్కినవాళ్ళ కార్డు మీద విడిగా ఒక రబ్బరు స్టాంపు: "ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, భయం లేదు." అది వేయక ముందు, రక్తం పోతోందనుకుని అర్ధరాత్రి ఆటో మాట్లాడుకుని వచ్చిన కుటుంబాలు ఉన్నాయి.

థర్మామీటర్లు కొంటే సరిపోదు, సరిచూడాలి. మేం చేసే పద్ధతి:

1. ఫ్లాస్కులో చేతికి హాయిగా తగిలే గోరువెచ్చని నీళ్ళు పోయాలి.
2. వార్డులోని నమ్మకమైన థర్మామీటర్‌తో పాటు కొత్తవి ఐదేసి చొప్పున, కొన మాత్రమే మునిగేలా పెట్టాలి.
3. అన్ని అంకెలూ రాసుకోవాలి. వార్డు దానికీ దీనికీ 0.3 కంటే తేడా ఉన్నది పక్కన పెట్టాలి.
4. సెల్సియస్ చూపిస్తున్నవాటిని ఫారెన్‌హీట్‌కి మార్చాలి. కొన్ని మోడళ్ళలో బటన్ నొక్కి పట్టుకుంటే మారుతుంది. మారనివి షాపుకి తిరిగి ఇచ్చేయాలి. కార్డు మీద 100 అని ఉండి, చేతిలోది 38 చూపిస్తే ఇంట్లోవాళ్ళు జ్వరమే లేదనుకుంటారు.

60 కొన్నాం. తేడా చూపించినవి 5, షాపువాడు మార్చి ఇచ్చాడు.

ఆర్‌ఎంపీల సంగతి. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. రాత్రి పదకొండింటికి తలుపు తీసేది వాళ్ళే. నరసన్నపేట, ఆమదాలవలస వైపు వాళ్ళని కొందరిని పిలిచి, కార్డు చూపించి, అడిగింది ఒక్కటే: ఎర్ర అంచు కార్డు ఉన్న ఇంట్లో ఇంజెక్షన్ చేసే ముందు ఈ నంబరుకి ఫోన్ చేయండి. ఇప్పుడు మాకు రాత్రి వచ్చే ఫోన్లలో కొన్ని వాళ్ళవే.

మందుల కంపెనీ ఒకటి కార్డులన్నీ ఉచితంగా అచ్చు వేయిస్తానంది, అడుగున తమ గుర్తు ఉండాలంది. వద్దన్నాను. ఆ కార్డు చూసి ప్రాణం నిలబెట్టుకోవాల్సిన మనిషికి దాని మీద ఇంకొకరి సరుకు కనబడకూడదు.

ఇప్పటివరకు ఖర్చు: ఏ4 కాగితాలు 1,500, కార్డులు రెండు విడతలు 4,500, దారం, పంచింగ్ 180, థర్మామీటర్లు 6,600, స్టాంపు 150. మొత్తం రూ. 12,930.

దశ 2: సమావేశం

రోగులకీ ఇంట్లోవాళ్ళకీ కలిపి నెలకో శనివారం మధ్యాహ్నం, హాల్లో, మైకుతో పెట్టాం. వచ్చినవాళ్ళు తక్కువ, వచ్చినవాళ్ళలోనూ సగం మంది చూపు గడియారం మీదే. పలాస, ఇచ్ఛాపురం నుంచి రానూ పోనూ ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ళది మరో కూలి. అప్పటికే మందుకోసం ఒకసారి వచ్చినవాళ్ళని మాటల కోసం మళ్ళీ రమ్మనడం న్యాయం కాదు.

మార్చింది: కీమో రోజు ఉదయమే. రక్తం ఇచ్చాక సీబీసీ రిపోర్టు వచ్చేదాకా అందరూ బెంచీల మీద ఊరికే కూర్చునే ఉంటారు. ఆ సమయంలో ముప్పావు గంట. ఎవరికీ అదనపు ప్రయాణం లేదు. హాలు లేదు, మైకు లేదు, బెంచీలు గుండ్రంగా జరిపితే చాలు.

మైకు తీసేశాక వచ్చిన తేడా నేను ఊహించలేదు. మైకు ఉన్నంతసేపు వాళ్ళు విన్నారు, నేను మాట్లాడాను. అది పోయాక మాట్లాడేవాళ్ళు వాళ్ళయ్యారు. ఇప్పుడు మొదటి పది నిమిషాలు నేను నోరు తెరవను. చికిత్స పూర్తయి ఏడాది దాటిన పాత రోగి ఒకరు ముందు మాట్లాడతారు. తరువాత ప్రశ్నలు. మందులు, రిపోర్టుల గురించి వచ్చినవాటికే నేను జవాబు చెబుతాను.

రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న ఆడవాళ్ళు మగవాళ్ళ ఎదుట ఒక్క మాటా అడగలేదు. వాళ్ళని పక్క గదిలో సిస్టర్‌తో విడిగా కూర్చోబెట్టాం. ఆ గదిలోంచి ఇప్పుడు నవ్వులు కూడా వినబడుతున్నాయి. జుట్టు గురించి ఒక ఉపాయం అక్కడే పుట్టింది. మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకి జుట్టు రాలడం మొదలవుతుంది, కుచ్చులు కుచ్చులుగా చేతికొస్తుంటే చూసి తట్టుకోవడం కష్టం. ఒకావిడ ముందే సింహాచలం వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చింది. ఊళ్ళో ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదట. ఆ మాట విన్నాక ఇంకొందరు అదే దారి పట్టారు. నాకు పుస్తకాల్లో దొరకని జవాబు అది.

పాత రోగులు మాట్లాడటంలోనూ ఒక చిక్కు వచ్చింది. ఒకాయన మంచి మనసుతోనే "మీ అందరికీ నాలాగే నయమైపోద్ది" అన్నాడు. అక్కడ కూర్చున్నవాళ్ళలో జబ్బు కాలేయానికి, ఊపిరితిత్తులకి పాకినవాళ్ళు ఉన్నారు. ఆ రోజు సాయంత్రం ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, "మరి మా నాన్నకెందుకు తగ్గదంటున్నారు?" అని నిలదీసింది. అప్పటి నుంచి మాట్లాడేవాళ్ళకి నియమాలు పెట్టాం:

1. "నాకు ఇలా జరిగింది" అనొచ్చు. "మీకూ ఇలాగే జరుగుతుంది" అనకూడదు.
2. మందు పేర్లు, ఆకుపసర్లు, ఫలానా చోట వైద్యం బాగుంటుందన్న మాటలు వద్దు.
3. ఒకరి స్కాన్ ఇంకొకరు చూడకూడదు.
4. ఫోటోలు తీయకూడదు, మేం కూడా తీయం.

దశ 2 కొనసాగింపు: చెప్పని జబ్బు

ఈ ప్రాజెక్టు మొత్తంలో కష్టమైన భాగం ఇదే, అందుకే విడిగా రాస్తున్నాను.

సమావేశం గది గుమ్మానికి ఫ్లెక్సీ కట్టాం, పెద్దక్షరాల్లో క్యాన్సర్ అని. ఒక కుటుంబం గుమ్మం దాకా వచ్చి, దాన్ని చూసి, తల్లిని చేయి పట్టుకుని వెనక్కి తిప్పేసింది. కొడుకు తర్వాత ఒక్కడే వచ్చి, "అమ్మకి సెప్పకండమ్మా. గడ్డ అని మాత్రమే చెప్పాం" అన్నాడు. మా వార్డులో ఇది రోజూ వినే మాట. కొడుకులు, కూతుళ్ళు అలా అడిగేది ప్రేమతోనే. తెలిస్తే తిండి మానేస్తుంది, మందుకి రాదు అన్న భయం.

ఫ్లెక్సీ తీసేశాం. దాస్తే సరిపోతుందని నేననుకోను. మనిషికి తన జబ్బు పేరు మొదటిసారి గుమ్మం మీద చూసి తెలియకూడదు. ఒక గదిలో, కూర్చుని, తెలిసిన మనిషి నోటి నుంచి తెలియాలి. కాబట్టి సమావేశానికి పిలిచే ముందు చేసే పనిని మార్చాం:

1. రోగితో సిస్టర్ గానీ నేను గానీ ఒంటరిగా ఐదు నిమిషాలు. ప్రశ్న: "మీకేటయిందని చెప్పారమ్మా?"
2. జవాబుని బట్టి ఫైలు మీద రంగు చుక్క. ఆకుపచ్చ: తెలుసు. పసుపు: కొంత తెలుసు. నీలం: చెప్పలేదు.
3. రెండో ప్రశ్న: "అన్నీ మీతోనే చెప్పమంటారా, మీ అబ్బాయితో చెప్పమంటారా?" కొందరు నిజంగానే "వాడితోనే చెప్పండి" అంటారు. అది వాళ్ళ ఇష్టం.
4. నీలం చుక్క ఉన్నవాళ్ళని గుంపులోకి పిలవం. ముందు కుటుంబంతో విడిగా కూర్చుంటాం.

కుటుంబంతో కూర్చున్నప్పుడు వాదించను. "చెబితే ఏమవుతుందని మీ భయం?" అని అడిగి, పూర్తిగా విని, నా మాట ఒకటి స్పష్టంగా చెబుతాను: ఆవిడ అడగకపోతే నేనుగా చెప్పను, అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. ఈ మాటకి దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

గడ్డ అని చెప్పిన ఆ తల్లితో మర్నాడు మాట్లాడాను. జబ్బు గురించి ఆవిడేమీ అడగలేదు. "మా మనవరాలి పెళ్ళి మాఘంలో అనుకున్నాం తల్లీ. అలాగే ఉంచమంటావా, ముందుకి జరపమంటావా?" అంది. అన్నీ తెలిసిన మనిషి అడిగే ప్రశ్న అది. ఎంతవరకు తెలుసుకోవాలనుందో అడిగి, అంతవరకూ చెప్పాను. పెళ్ళి ముందుకి జరిపితే మంచిదని కూడా చెప్పాను. కొడుకుని పిలిచి ముగ్గురం కూర్చున్నాక కొడుకే ఏడ్చాడు, తల్లి వాడి వీపు నిమిరింది.

ఈ ఐదు నిమిషాల ప్రశ్న లేకుండా ఎవరూ ఇలాంటి సమావేశం మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. కార్డులు లేకపోయినా నడపొచ్చు, ఇది లేకుండా నడపకూడదు.

ఇప్పటివరకు ఖర్చు: టీ, బిస్కెట్లు 1,900, ఫ్లెక్సీ 450. మొత్తం రూ. 15,280.

దశ 3: ప్రశ్నల నోటుబుక్కు, బరువు మిషన్

సమావేశంలో అడిగిన ప్రతి ప్రశ్నా సిస్టర్ ఒక లాంగ్ నోటుబుక్కులో రాస్తుంది, అడిగినవాళ్ళ మాటల్లోనే. పేర్లు రాయం. పుస్తకం సగం నిండేసరికి ఒకటి తేలింది: నేను చెప్పాలని సిద్ధం చేసుకున్నవి వేరు, వాళ్ళకి కావలసినవి వేరు. నా జాబితాలో ముందున్నవి మందుల సైడ్ ఎఫెక్టులు. వాళ్ళ జాబితాలో ముందున్నవి పథ్యం, కాగితాలు, నొప్పి.

పథ్యం. గుడ్డు వద్దు, చేప వద్దు, వంకాయ వద్దు, పప్పు వేడి, పెరుగు చలవ. చివరికి మిగిలేది చారన్నం. ఏం తినాలో రాసిన పట్టిక ఇచ్చి చూశాం, తినడంలో తేడా రాలేదు. ఇప్పుడు ప్రశ్న తిప్పి అడుగుతున్నాం: "జబ్బు తెలిశాక ఏమేం మానేశారు?" మానేసినవి బయటకొస్తాయి, ఒక్కొక్కటీ తిరిగి పెట్టించొచ్చు. చోడి (రాగి) అంబలి, ఉడికించిన గుడ్డు, చిన్న చేపల పులుసు, వేరుశెనగ ఉండలు, పలాస వైపు వాళ్ళకి ఇంట్లో ఉన్న జీడిపప్పు. ప్రొటీన్ డబ్బాలు కొనమని చెప్పం. వాటి ఖరీదుకి నెలంతా గుడ్లు వస్తాయి.

తినమని చెప్పడం ఫలిస్తోందో లేదో బరువే చెబుతుంది. వార్డులోని పాత ముల్లు మిషన్ ఒకే మనిషికి రెండుసార్లు రెండు అంకెలు చూపించింది. డిజిటల్‌ది కొన్నాం. సరిచూడటానికి తేలిక పద్ధతి: ఖాళీ మంచినీళ్ళ టిన్ను తూచి రాసుకోవాలి, 20 లీటర్లు నింపి మళ్ళీ తూచాలి, తేడా 20 కేజీలు రావాలి. నెలకోసారి చేస్తున్నాం. మొదటి కీమోనాటి బరువులో 5 శాతం తగ్గితే, అంటే 50 కేజీల మనిషి రెండున్నర కేజీలు తగ్గితే, ఆ ఫైలు నేరుగా నా బల్ల మీదకి రావాలి.

నోరు పూతకి లీటరు నీళ్ళలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా వంటసోడా కలిపి రోజుకి చాలాసార్లు పుక్కిలించమంటాం. అందరూ చేయగలిగింది, ఖర్చు లేనిది.

కాగితాల విషయంలో నేను పనికిరాను. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) పనులు చూసే ఆరోగ్యమిత్రని పదిహేను నిమిషాలు కూర్చోబెడితే నేను గంటలో చెప్పలేనిది తేలిపోతుంది.

నొప్పి గురించి రాసినవాటిలో ఎక్కువసార్లు వచ్చింది: "మార్ఫిన్ ఇచ్చారంటే అయిపోయినట్టేనా?" కానే కాదు. నొప్పి ఎంత ఉంటే మందు అంత. తగ్గితే డోసు తగ్గిస్తాం. మలబద్ధకం తప్పకుండా వస్తుంది కాబట్టి దానికి మందు మొదటి రోజు నుంచే ఇస్తాం. 2014లో ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టాన్ని సవరించి, గుర్తింపు ఉన్న ఆసుపత్రులు మార్ఫిన్‌ని తేలిగ్గా ఉంచుకునే వీలు కల్పించారు. చట్టం దారి ఇచ్చాక కూడా మన జిల్లా మనిషి నొప్పితో మూలుగుతూ పడుకోవడం నేను ఒప్పుకోలేను. ఈ సంగతి ప్రతి సమావేశంలో చెబుతాను.

ఇప్పటివరకు ఖర్చు: మిషన్ 1,400, నోటుబుక్కులు, పెన్నులు 320. మొత్తం రూ. 17,000.

దశ 4: అడ్డ పొగ

చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డ పొగ మన తీరానిది. 1971లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలన ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది పల్లెవాళ్ళ నోళ్ళు చూసి, ఈ అలవాటుకీ అంగుటి (నోటి పైభాగం) మీద వచ్చే మార్పులకీ సంబంధాన్ని చూపించింది. వేరేచోట్ల అంగుటి క్యాన్సర్ అరుదు. మన దగ్గర అరుదు కాదు. నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా తగిలేది అక్కడే.

డ్వాక్రా సంఘాల సమావేశాలకి వెళ్ళి చెప్పాలనుకున్నాం. ముదిరిన క్యాన్సర్ ఫోటోలతో ఫ్లెక్సీలు చేయించాం. పెద్దావిడలు కొంగు అడ్డం పెట్టుకుని తల తిప్పుకున్నారు. చుట్ట తాగేవాళ్ళు వెనక వరసలోకి జరిగి, కాసేపటికి వెళ్ళిపోయారు. ఎవరికోసం వెళ్ళామో వాళ్ళే లేరు.

ఫ్లెక్సీలు వార్డు అటక మీదకి చేరాయి. వాటికి బదులు చేతి అద్దాలు, చిన్న టార్చిలు కొన్నాం. పద్ధతి:

1. ఇద్దరిద్దరు చొప్పున కూర్చోవాలి. కట్టుడు పళ్ళుంటే తీసేయాలి.
2. ఒకరు తల వెనక్కి వాల్చి నోరు తెరవాలి, రెండోవారు టార్చి పట్టాలి.
3. అద్దంలో తన అంగుటిని తనే చూసుకోవాలి.
4. తెల్ల మచ్చ, ఎర్ర చుక్కలు, గరుకు, పుండు ఉంటే చెప్పాలి.
5. రెండు వారాలైనా మానని పుండు ఏదైనా పంటి డాక్టరు దగ్గరికి, అవసరమైతే ముక్క పరీక్షకి.

అద్దం చేతికిచ్చాక ఎవరూ వెనక్కి జరగలేదు. "ఏటిది, నాది ఇలా నల్లగుందేటి?" అని తమంతట తామే అడిగారు. పంటి నొప్పికి మొదలుపెట్టామని, అత్తగారిని చూసి నేర్చుకున్నామని చెప్పారు. ఒక్కరోజులో మానమని నేననలేదు. రోజుకి ఎన్ని తాగుతున్నారో ఆశా కార్యకర్త రాసుకుంటుంది, పంటి నొప్పికి ముందు వైద్యం చేయిస్తాం. పన్ను నొప్పి తగ్గకుండా చుట్ట మానమంటే మానరు, ఆ సంగతి వాళ్ళే చెప్పారు.

ముప్పై దాటినవాళ్ళకి ఏఎన్‌ఎంలు (ఊళ్ళలో పనిచేసే ప్రభుత్వ నర్సులు) నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. మేం వెళ్ళే రోజు వాళ్ళకి ముందే చెబితే, మా అద్దం దగ్గర అనుమానం వచ్చినవాళ్ళు అక్కడే రిజిస్టరులోకి ఎక్కుతారు. విడిగా వెళ్ళిన ఊళ్ళలో పేర్లు మా పుస్తకంలోనే ఉండిపోయాయి.

ఇప్పటివరకు ఖర్చు: ఫోటో ఫ్లెక్సీలు 900, అద్దాలు 40కి 1,000, టార్చిలు 450, డీజిల్ 2,400. మొత్తం రూ. 21,750.

దశ 5: నోరు తెరిచే పుల్లలు

నోటి క్యాన్సర్‌కి రేడియేషన్ విశాఖలో జరుగుతుంది. అయిపోయాక మనిషి ఇంటికొస్తాడు. కొందరికి నెమ్మదిగా దవడ బిగుసుకుని, ఆరు నెలలకి ముద్ద పట్టనంతగా నోరు మూసుకుపోతుంది. దీన్ని మొదటి నుంచీ కొలిస్తేనే ఆపగలం.

పై ముందు పంటి అంచు నుంచి కింది పంటి అంచుకి వెర్నియర్ (సన్న కొలతల స్కేలు)తో కొలుస్తాం. 35 మిల్లీమీటర్లకి తగ్గితే నోరు బిగిసిందని లెక్క. ఇంటి దగ్గర కొలత: తన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి. పళ్ళు లేనివాళ్ళకి చిగురు నుంచి చిగురుకి కొలుస్తాం, వాళ్ళకి 35 లెక్క వర్తించదు. వాళ్ళ మొదటి కొలతతోనే పోల్చాలి.

వ్యాయామానికి నాలుక నొక్కే చెక్క పుల్లల కట్ట చాలు. నోట్లో పట్టినన్ని పుల్లలు పెట్టి కాసేపు ఉంచి, వీలైతే మధ్యలోకి ఇంకొకటి దూర్చాలి. రోజుకి మూడు నాలుగుసార్లు. మొదట తెచ్చిన పుల్లలు ఒక్కో పెట్టెలో ఒక్కో మందం. "పుల్లలు తగ్గాయి" అన్నవాళ్ళలో కొందరికి తగ్గింది నోరు కాదు, పుల్ల మందం పెరిగింది. ఇప్పుడు పది పుల్లలు పేర్చి కొలిచి, ఒకే మందం ఉన్నవి కట్ట కట్టి ఇస్తున్నాం.

ఖర్చు: పుల్లలు 800, వెర్నియర్ 250. మొత్తం రూ. 22,800.

దశ 6: ఫోన్

వాట్సాప్ గ్రూపు పెట్టి మూసేశాం. పసుపు వైద్యాలు, ఎవరివో చావు కబుర్లు, రాత్రంతా టెన్షన్. ఇప్పుడు ఒకవైపు సందేశాలే, నిమిషం లోపు ఆడియో. నా గొంతుతో చేసినవి వినేవాళ్ళు తక్కువ. టెక్కలి వైపు ఒక పెద్దావిడ తన మాటల్లో చెప్పినవి ఊళ్ళు తిరుగుతున్నాయి.

అసలు అడ్డంకి ఇంకోచోట బయటపడింది. ఫైలు మీద రాసిన నంబరు కొడుకుది, కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిలో ఉంటాడు. ఇంట్లో తల్లి చేతిలో ఫోనే ఉండదు. ఇప్పుడు ఫైలు మీద రెండు నంబర్లు: నిర్ణయం తీసుకునేవాళ్ళది, రాత్రిపూట ఆ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండేవాళ్ళది. రెండో నంబరుకి మేమే ఒకసారి ఫోన్ చేసి చూశాకే కీమో మొదలుపెడతాం.

ఖర్చు: వార్డు ఫోన్ 1,300, రీచార్జి 600. మొత్తం రూ. 24,700.

ఇప్పుడు చేతిలో ఉన్నవి

సీతంపేట కొండల నుంచి వచ్చే సవర గిరిజన కుటుంబాలకి తెలుగు ఆడియో సరిగ్గా అందడం లేదు. సవర మాట్లాడే ఒక ఏఎన్‌ఎంతో జ్వరం సందేశం రికార్డు చేయిస్తున్నాం. మొదటిది విన్న ఇద్దరూ థర్మామీటర్ అన్న చోట ఆగిపోయారు, కాబట్టి రెండోది వస్తువు చేతికిచ్చి, వాడి చూపిస్తూ వీడియోగా తీస్తాం. కార్డు తర్వాతి విడత అచ్చుకి వెళ్ళే ముందు అంచు రంగు ఎండకి వెలిసిపోతోందన్న ఫిర్యాదు సరిచేయాలి. ప్రెస్సువాళ్ళు రెండు రకాల సిరాతో నమూనాలు ఇచ్చారు. రెండూ వార్డు కిటికీకి, ఎండ పడేవైపు, కట్టి ఉంచాం.